షేరు గత ధరలు: చదవవలసిన తీరు

1875లో స్థాపితమైన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి పట్టికలలో ప్రతి షేరుకూ రోజుకు నాలుగు ధరలు కనిపిస్తాయి: ప్రారంభ ధర, గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, ముగింపు ధర. ఈ అంకెలను యథాతథంగా పోల్చడం పొరపాటుకు దారితీయవచ్చు.

2024 అక్టోబరు 25న సుమారు 2,650 రూపాయలున్న రిలయన్స్ షేరు, తదుపరి పనిదినమైన 28న 1,340 రూపాయల ప్రాంతానికి దిగింది. మదుపుదారు సగం సొమ్ము పోగొట్టుకొన్నాడా? లేదు. కంపెనీ ప్రతి షేరుకూ మరొక షేరును బోనసుగా ప్రకటించింది. ఆ లెక్క 28 నుండి అమలులోకి వచ్చింది. పది షేర్లున్న వానికి ఇరవై అయినాయి. మొత్తం విలువ దాదాపు అంతే.

కనుక అంతకు ముందరి ధరలను రెండుతో భాగించిన పిదపనే తరువాతి ధరలతో పోల్చవలె. దీనినే సవరించిన ధర అంటారు. షేరు ముఖవిలువను విభజించినపుడు కూడా విభజన నిష్పత్తిని బట్టి ఇట్లే సవరించవలె. అందిన డివిడెండును కలుపనిదే రాబడి లెక్క పూర్తి కాదు.

ఆ మీదట, 1978-79 సంవత్సరపు స్థాయిని 100గా గ్రహించిన సెన్సెక్స్‌తో సరిచూస్తే, పెరుగుదల ఆ కంపెనీకే పరిమితమా, మార్కెట్టంతటిదా అన్నది తెలుస్తుంది.

సవరణ ఎరుగనివాడు లేని నష్టానికి బెదరి కష్టార్జితాన్ని తొందరపడి అమ్ముకొనవచ్చు. సవరించిన ధర సైతం జరిగినదానికి సాక్ష్యమే గాని, జరుగబోవుదానికి హామీ కాదు.