గుమ్మెట మ్రోత

బెంగుళూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వరుసగా వచ్చును. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి నాట్యమండపమున రంభ నర్తించుచుండగా బ్రహ్మ మద్దెల వాయించుచున్నట్లును, తుంబురుడు వీణ మీటుచున్నట్లును పదునారవ శతాబ్దపు శిల్పులు మలచిరి. బాల్యమున వానిని చూచి, వాద్యమనగా అట్టి దేవతల చేతులలో నుండదగినదే యని నేను తలచితిని.

1970 ప్రాంతమున ఒకనాటి రాత్రి పెనుకొండలో బుర్రకథ చూడబోతిని. వేదికపై ముగ్గురే యుండిరి. నడుమ కథకుడు. అతని భుజమున తంబుర, కుడిచేతి బొటనవ్రేలికి గుండ్లు ఘల్లుమను లోహపు అందె. ఇరుప్రక్కల నిలిచిన వంతల చేతులలో మట్టి గుమ్మెటలు.

“కుండలతో కచేరియా?” అని నవ్వితిని.

ప్రక్కనున్న ధర్మవరపు నేతగాడొకడు, “ముందు వినప్పా! నవ్వేది తర్వాత నవ్వుదువులే” అనెను.

గుమ్మెటకు ఒకవైపు తోలు మూసియుండును, రెండవవైపు తెరచియుండును. తోలుపై వ్రేళ్లతో కొట్టుచు, తెరచిన నోటిని అరచేతితో మూయుచు తీయుచుండగా ధ్వని మారును. కుడివంత నాటి రాజకీయములు ముచ్చటించును, ఎడమవంత నవ్వించును, ఇరువురును “తందాన తాన” యని కథకునికి వంతపాడుదురు.

ఆనాటి కథ 1757 నాటి బొబ్బిలి యుద్ధము. యుద్ధఘట్టమున గుమ్మెట ఉరిమెను. కోట కూలినపుడు మూలిగెను. కథ ముగియునప్పటికి నేతగాడు కన్నీరు తుడుచుకొనుచుండెను. నాకు నవ్వు రాలేదు.

ఈ కళకెంత బలము కలదో పిమ్మట చదివి తెలిసికొంటిని. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో బీదకుటుంబమున జన్మించిన షేక్ నాజర్, ప్రజానాట్యమండలిలో చేరి, పాతకథలతో తృప్తినొందక, బెంగాలు కరవును, అల్లూరి సీతారామరాజు పోరాటమును బుర్రకథలుగా చెప్పెను. ప్రజలు మేల్కొనుచున్నారని మద్రాసున ఆంగ్లప్రభుత్వమును, హైదరాబాదున నిజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. సైన్యములు గల ప్రభుత్వములు మట్టికుండకు వెఱచినవి! స్వతంత్ర భారత ప్రభుత్వము 1986లో నాజరునకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. ఆయన 1997లో కన్నుమూసెను.

బాలలారా! నేడు బుర్రకథ వినువారు తగ్గిరి. వినువారు లేనిచో ఏ వాద్యము పలుకును? మీ ఊరికి ఆ ముగ్గురు వచ్చిననాడు ముందువరుసలో కూర్చుండుడు. ప్రక్కవాడు నవ్వినచో, నేతగాడు నాకు చెప్పిన మాటనే వానికి చెప్పుడు.