తిరగని ఇంజను - ఆముదం కథ

సైన్సు గది బీరువాలో ఉన్న చిన్న విమానం ఇంజనును మీలో చాలామంది చూసే ఉంటారు. గుప్పిట్లో పట్టేంత ఉంటది. 2.5 సి.సి. రకం. పోయిన నెల దాన్ని బయటికి తీసి ఫ్యాను, అంటే ప్రొపెల్లరు, తిప్పబోతే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేనూ, ఇంకో ఇద్దరమూ కలిసి పానా పెట్టి తిప్పుదామనుకున్నం. సైన్సు సార్ చూసి ఆపకపోతే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు. ఎందుకంటే మనకున్నది ఆ ఒక్క ఇంజనే.

"ఎందుకు తిరగడం లేదో ముందు చెప్పండి, తర్వాత తిప్పండి" అన్నారు సార్. మాకు తెలియదు. తెలుసుకున్నది రాస్తున్నాను.

ఇంజను స్టార్టు కాకపోవడం వేరు, తిరగకపోవడం వేరు. మొదటిది మంటకూ ఇంధనానికీ సంబంధించినది. రెండోది లోపల ఏదో పట్టేసినట్టు. కనుక మొట్టమొదట పైన ఉండే గ్లో ప్లగ్గును విప్పాలి. విప్పగానే ఫ్యాను తిరిగి, రంధ్రంలోంచి ఇంధనం చిమ్మితే, పిస్టన్ పైన ద్రవం నిండిందన్నమాట. గాలిని నొక్కితే తగ్గుతుంది గాని ద్రవం తగ్గదు, ఇది మన పాఠంలో ఉన్నదే. అప్పుడు బలవంతంగా తిప్పితే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజనును తలకిందులు చేసి ఒలకబోస్తే చాలు.

ఇంకో సంగతి. కొన్ని ఇంజన్లలో ఇత్తడి గొట్టం పైభాగం కొంచెం సన్నగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చేచోట బిగుసుకున్నట్టే ఉంటుంది. అది జబ్బు కాదు, అలాగే చేస్తారు. వేడెక్కితే ఇత్తడి ఎక్కువ వ్యాకోచించి సరిపోతుంది. కొత్తవాళ్లు దీన్నే చూసి పాడైందనుకుంటారు.

మన ఇంజను ఈ రెండూ కాదు. ప్లగ్గు తీసినా కదల్లేదు. పొగ పోయే రంధ్రంలోంచి టార్చిలైటు వేసి చూస్తే బెల్లం పాకం ఎండినట్టు గోధుమరంగు పూత కనిపించింది. ఎర్రగా ఉంటే తుప్పు, అప్పుడు మొత్తం విప్పాల్సిందే. ఇది మాత్రం ఆముదం!

అవును, మన ఆముదమే. ఈ ఇంజన్లకు పెట్రోలు పొయ్యరు. మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తారు. మిథనాల్ మండుతుంది, ఆముదం లోపల అరగకుండా కాపాడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) నాటి రోటరీ ఇంజను విమానాల్లో కూడా ఆముదమే వాడారు. ఆ పొగ పీల్చి పైలట్లకు కడుపు చెడేదని అంటారు. మా దేవరకొండ వైపు తండాల్లో ఒకప్పుడు ఆముదాల చేన్లు ఎక్కువ, ఇప్పుడు పత్తే ఎక్కువ. మా తాతకు విమానం సంగతి చెబితే నమ్మలేదు.

అయితే ఆముదానికి ఒక గుణముంది. వేడికీ గాలికీ గట్టిపడి బంకలాగా పట్టేస్తుంది. ఎగరేసినాక తుడవకుండా పెట్టెలో పెడితే ఇంతే. మనదాన్ని అట్లనే పెట్టారు.

మేము చేసిన మొదటి తప్పు కిరోసిన్ పోయడం. రాత్రంతా నానబెట్టినా లాభం లేదు. కారణం ల్యాబులో తేలింది. ఒక గాజు గొట్టంలో ఆముదం, కిరోసిన్ పోసి ఊపితే సరిగా కలవలేదు. రెండోదాంట్లో స్పిరిట్ పోస్తే కలిసిపోయింది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానికి అదనంగా ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది, అందుకే అది ఆల్కహాలుతో చుట్టరికం చేస్తుంది.

కాని ఎండి గట్టిపడిన బంకకు స్పిరిట్ కూడా వెంటనే చాలదు. ముందు వేడి కావాలి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక మోటారు మెకానిక్ కూడా ఇదే మాట చెప్పాడు. ఇంజనును విమానం నుంచి ఊడదీసి, ఇంధనం ఏమీ లేదని చూసుకొని, మందపాటి పాలిథిన్ కవర్లో వేసి మూతి కట్టి వంటశాల వేడినీళ్లలో పావుగంట ఉంచాం. నీళ్లు లోపలికి పోతే బేరింగులు తుప్పు పడతాయి, అందుకే కవరు. తీసి, గుడ్డతో ఫ్యాను పట్టుకొని అటూ ఇటూ మెల్లగా ఆడించాం. మూడోసారికి కదిలింది! వంటమాస్టరు కూడా చప్పట్లు కొట్టాడు.

పొయ్యికి దూరంగా తెచ్చి, చల్లారినాక స్పిరిట్ చుక్కలు వేసి కడిగాం. ఆరబెట్టి కుట్టుమిషన్ నూనె వేశాం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మిథనాల్ సీసా వాసన సారా వాసనలాగే ఉంటుంది. కొద్దిగా తాగినా కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. కల్తీసారా చావుల్లో దొరికే విషం ఇదే. పగటి వెలుతురులో దాని మంట కూడా సరిగా కనబడదు. అందుకే ఆ సీసా వార్డెన్ సార్ గదిలో తాళం లోపల ఉంది, అక్కడే ఉండాలి. అడిగి లాభం లేదు, నేనూ అడిగాను.

ఇప్పుడు ఇంజను వేలితో తిప్పితే పైకి వచ్చేచోట కొంచెం ఆగి, మళ్లీ జారిపోతోంది. ప్లగ్గు తీగ సంగతి ఇంకా చూడలేదు. దానికి 1.5 వోల్టుల సెల్లు చాలు. ఎర్రబడుతుందో లేదో వచ్చే సంచికలో రాస్తాను.