పట్టు వస్త్రాలను ఇంట్లో ఉతకడం, ఇస్త్రీ చేయడం: పాటించవలసిన మెలకువలు

పట్టుగూళ్ల నుండి తీసిన దారంలో ఫైబ్రోయిన్, సెరిసిన్ అనే రెండు మాంసకృత్తులు ఉంటాయి. జిగురు పదార్థమైన సెరిసిన్‌ను తొలగించిన తరువాతనే పట్టుకు మెరుపు, మెత్తదనం వస్తాయి. సెల్యులోజ్‌తో ఏర్పడిన నూలు క్షారాన్ని తట్టుకొంటుంది. మాంసకృత్తి అయిన పట్టు తట్టుకోలేదు. నూలు బట్టలతో పాటే పట్టును కూడా ఉతకడం వల్ల ఎంతో ఖర్చుపెట్టి కొన్న వస్త్రాలు త్వరగా పాడవుతున్నాయి.

ఉతకడానికి ముందు

ధర్మవరం చీరల వంటి జరీ ఎక్కువగా గల వస్త్రాలను, నూలు, పట్టు కలిసిన గద్వాల చీరలను డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడమే మేలు. జరీ లేని వస్త్రాలను ఇంట్లో ఉతకవచ్చు. ముందుగా లోపలి అంచున ఒక మూలను తడిపి, తెల్లని నూలుగుడ్డతో అదిమి చూడాలి. గుడ్డకు రంగు అంటినట్లయితే ఇంట్లో ఉతకరాదు.

ఉతికే విధానం

గింజలు తీసిన కుంకుడుకాయల తొక్కలను వేడినీటిలో నానబెట్టి, పిసికి, వడకట్టి, చల్లార్చిన రసాన్ని వాడాలి. ఇందులోని సాపోనిన్లు పట్టుకు హాని చేయకుండా మురికిని వదిలిస్తాయి. ఈ రసం లేత రంగులపై మరక వేయవచ్చు కనుక, వాటికి క్షారగుణం లేని ద్రవ డిటర్జెంట్ వాడాలి. సాధారణ డిటర్జెంట్ పొడుల్లో క్షారంతో పాటు మాంసకృత్తుల మరకలను విడగొట్టే ఎంజైములు కూడా ఉండవచ్చు. ఇవి మరకతో పాటు పట్టునూ దెబ్బతీస్తాయి. క్లోరిన్ బ్లీచింగ్‌ను అసలే వాడరాదు.

తడిసిన పట్టు బలం తగ్గుతుంది. అందువల్ల బండకేసి బాదకుండా, బ్రష్‌తో రుద్దకుండా, మెలిపెట్టి పిండకుండా చేతులతో మృదువుగా అదుముతూ ఉతకాలి. రెండు, మూడుసార్లు మంచినీటిలో జాడించాలి. చివరిగా అర బకెట్ నీటిలో 2 టీస్పూన్ల వెనిగర్ కలిపి జాడిస్తే మిగిలిన క్షారం పోయి మెరుపు నిలుస్తుంది. తువ్వాలులో చుట్టి నీటిని అదిమి తీసి, తిరగవేసి నీడలో ఆరవేయాలి. ఎండ తగిలితే పట్టు పసుపు రంగుకు తిరిగి బలహీనపడుతుంది.

ఇస్త్రీ

వస్త్రం కొద్దిగా తడిగా ఉన్నప్పుడే లోపలివైపు నుండి, పలుచని నూలుగుడ్డ పరచి, ఇస్త్రీపెట్టెను పట్టుకు సూచించిన వేడి వద్ద ఉంచి చేయాలి. పూర్తిగా ఆరిపోయిన వస్త్రంపై నీళ్లు చల్లితే చుక్కల మరకలు నిలిచిపోతాయి. దాన్ని తడి తువ్వాలులో కొంతసేపు చుట్టి ఉంచాలి. వేడి ఎక్కువై పసుపు రంగుకు మారిన భాగం తిరిగి బాగుపడదు.

భద్రపరచడం

ధరించిన వెంటనే మడత పెట్టక, చెమట ఆరేవరకు గాలికి వేయాలి. ప్లాస్టిక్ సంచిలో కాక, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి ఉంచాలి. ఒకే మడతలో ఉంటే అక్కడి దారాలు చిట్లుతాయి కనుక 2-3 నెలలకు ఒకసారి మడతలు మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణ తరగతులలో పట్టు, నూలు ముక్కలను వేడి చాకలిసోడా నీటిలో కొంతసేపు ఉంచి, ఆరిన తరువాత మహిళల చేతికి ఇచ్చి చూపవచ్చు. నూలు యథాతథంగా ఉండగా, పట్టు మెరుపు కోల్పోయి గరుకుగా మారడం వారికి స్వయంగా తెలుస్తుంది.