యాభై బారల గడియారము

మన గౌతమిపై పడవ నడపువారు నీటిలోతును బారలలోను, నిలువులలోను చెప్పుట మీరందఱును విని యుందురు. చేతులు రెండును చాచినపుడు ఒక కొననుండి మఱియొక కొనవఱకు గల పొడవు బార. అది యించుమించు ఆఱడుగులు. ఆంగ్లేయ నావికుల ఫాదమ్ కూడ ఇట్టి చేతుల చాపే. పిమ్మట దానిని సరిగా ఆఱడుగులని నిర్ణయించిరి. ఫ్రెంచివారి బ్రాస్ అను కొలత పేరు సైతము చేయి అను మాటనుండియే పుట్టినది. తెలుగు బడిలో చదివిన పిల్లవానికి లోకము దూరమగునేమో యని శంకించు తల్లిదండ్రులు ఈ మూడు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెనని మా కోరిక.

ఆ కొలత పేర 1953లో ఒక చేతిగడియారము వెలువడెను. స్విట్జర్లాండు దేశపు బ్లాంపాన్ సంస్థ చేసిన ఆ గడియారము పేరు ఫిఫ్టీ ఫాదమ్స్, అనగా యాభై బారలు. 300 అడుగులు, సుమారు 91 మీటర్లు. నీట మునిగి పనిచేయువారి పాత గడియారములను సేకరించువారు లోకములో నేడు మిక్కిలిగా వెదకువానిలో ఇది యొకటి. పై తరగతుల పిల్లలలో కొందఱికి పాత వాచీలపై మక్కువ కలుగుటను మేము గమనించితిమి. కావున ఈ పాఠమును పెద్దల కొఱకు వ్రాయుచున్నాము.

1943లో ఝాక్ కుస్తో, ఎమీల్ గాన్యాన్ అను ఫ్రెంచివారు వీపున గాలిసీసా కట్టుకొని నీట మునుగు సాధనమును రూపొందించిరి. సీసాలోని గాలి కొంతసేపటికే సరిపోవును. పైగా లోతున చాలసేపున్నవాడు చప్పున పైకి వచ్చినచో, రక్తములో కరగియున్న నత్రజని బుడగలై ప్రాణముమీదికి తెచ్చును. కావున నీటి అడుగున నిమిషములు తప్పిపోరాదు. బ్లాంపాన్ సంస్థను నడపిన జాన్ జాక్ ఫీష్తేర్ తానును నీట మునుగువాడే. ఒకమాఱు కాలము తెలియక గాలి యయిపోయి ఆపదలో పడెను. ఆ కాలముననే ఫ్రెంచి సైన్యపు ఈతదళమును నెలకొల్పుచుండిన కెప్టెన్ రోబేర్ మలూబియే, లెఫ్టినెంటు క్లోద్ రిఫో తమకు తగిన గడియారము కొఱకు వెదకుచుండిరి. నల్లని డయలు, చీకటిలో వెలుగు పెద్ద గుర్తులు, అద్దము చుట్టును తిరుగు వలయము వారు కోరినవి. యానాము అప్పటికింకను ఫ్రెంచి పాలనలోనే యుండెను. 1954లో అది ముగిసెను.

ఆ వలయము పని మెచ్చదగినది. మునుగునపుడు దానిపై గుర్తును నిమిషముల ముల్లునకు ఎదురుగా త్రిప్పి నిలుపుదురు. పిమ్మట ముల్లు వలయముపై చూపు అంకెయే గడచిన నిమిషములు; తీసివేత లెక్కతో పనిలేదు. తరువాతి కాలపు గడియారములలో వలయము ఒకవైపునకే తిరుగును. ఏ రాయియో తగిలి అది కదలినను, గడచిన కాలము ఎక్కువగా కనబడునేగాని తక్కువగా కనబడదు. మునిగినవాడు కొంచెము ముందుగా పైకి వచ్చును, అంతే. రోలెక్సువారి సబ్‌మరీనరు కూడ ఆ కాలపుదే. జపానువారి సైకో ఇట్టి గడియారమును 1965లో తెచ్చెను. వానిని ఇక్కడ విడిచెదము.

ఇవి నగలు కావు, ఉలి, కొడవలి వంటి పనిముట్లు. అరిగినపుడు ముళ్లు మార్చిరి, డయళ్లు మార్చిరి. అందుచేత పుట్టినప్పటి భాగములన్నియు నిలిచియున్నది అరుదు. అద్దము మార్చినను బాధలేదు గాని, డయలు మార్చినచో విలువ చాలవఱకు పోవును. మనదేశపు అంగళ్లలో క్రొత్తగా రంగు పూసిన డయళ్లు విస్తారము. అక్షరములు వంకరగా నున్నను, గుర్తులపై వెలుగుపూత ఒక వన్నెగా, ముళ్లపై మఱియొక వన్నెగా నున్నను అనుమానింపవలెను. అట్టి డయలును బాగుచేసితిమని చెప్పుట, మా దృష్టిలో, శాసనమును చెక్కి నున్నచేసితిమనుట వంటిది.

ఫ్రెంచి పాలననాడు విదేశపు వస్తువులకు మన మంగళవారపు సంత పేరు పొందినది. మీ యిండ్ల పెట్టెలలో తాతలనాటి గడియారము ఉండవచ్చును. అది మునుగువారిది కానక్కరలేదు. అమ్మదలచినను సరే, ముందుగా అది ఎవరిది, ఎప్పుడు, ఎక్కడ కొన్నది అను సంగతులను ఇంటి పెద్దల నడిగి ఒక కాగితముపై తెలుగున వ్రాసి యుంచుడు. పెద్దలు పోయిన పిమ్మట ఏ ధనమిచ్చినను ఆ కాగితము దొరకదు.

ఇక భయపడవలసిన విషయము. ఆ కాలపు వెలుగుపూతలో పెక్కింట రేడియము కలదు. ఇప్పుడది చీకటిలో వెలుగుట లేదు కాబట్టి దోషము పోయినదని తలచువారు కలరు. పోలేదు. చెడినది వెలుగునిచ్చు జింకు సల్ఫైడు మాత్రమే. రేడియము సగమగుటకు సుమారు 1,600 ఏండ్లు పట్టును. అమెరికాలో 1920 ప్రాంతమున ఈ పూత పూసిన కుంచెలను పెదవులతో మొనచేసిన యువతులు ఎముకలు కుళ్లి మరణించిరి. మూసియున్న గడియారముతో భయము స్వల్పము. తెరచి పూతను గీకినచో ఆ ధూళి ఊపిరిలోనికి పోవును. మూతను ఇంట తీయకుడు. మరమ్మతు చేయువానికి సంగతి ముందే చెప్పుడు. పిల్లలు పడుకొను గదిలో ఉంచకుడు. డయలుపై 200 మీటర్లని యున్నను గోదావరి స్నానమునకు పెట్టుకొని పోకుడు; లోపలి రబ్బరు ఎన్నడో ఎండిపోయి యుండును.

పిల్లవానికి మర తెరచి చూడవలెనని కోరికయున్నచో, వెలుగుపూత లేని పాత హెచ్.ఎం.టి. గడియారము చాలును. జపాను సిటిజన్ సంస్థ తోడ్పాటుతో 1961లో బెంగుళూరున ఆరంభమైన ఆ తయారీని మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిశ్చయించినది గాని, పాతవి ఇంకను దొరకుచున్నవి. చెడిపోయినదైనను బడికి పంపుడు. విజ్ఞానశాస్త్రపు బల్లపై దానిని విప్పి, చుట్ట తీగ బలమును చిన్న చక్రము ఎట్లు తునకలు తునకలుగా విడుచునో చూపెదము.