చేతిపనీ, కాగితాలూ: విదేశం వెళ్లాలనుకునే బీడీఎస్‌లకు

బీడీఎస్ మూడో ఏడాది దాటాక హాస్టల్ గదుల్లో చర్చంతా ఒకటే: ఎండీఎస్‌కి నీట్ రాయాలా, బయటికి వెళ్లాలా? నేను వెళ్లినవాణ్ణి, అమెరికాలో ప్రాక్టీసు చేస్తున్నాను. జూనియర్లు ఫోన్ చేసి ఏ పుస్తకాలు చదవాలని అడుగుతారు. ముందు ఏ దేశమో తేల్చుకున్నారా అంటాను.

ఒక దేశం పరీక్ష ఇంకో దేశంలో చెల్లడం మన వృత్తిలో అరుదు. బ్రిటన్‌కి ఓఆర్ఈ, కెనడాకి ఎన్‌డీఈబీ వాళ్ల పరీక్షలు, ఆస్ట్రేలియాకి ఏడీసీ. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, ఇక్కడి గుర్తింపున్న కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాల్సిందే. చివర్లో వచ్చేది డీడీఎస్ కావచ్చు, డీఎండీ కావచ్చు. పేరులో తప్ప తేడా లేదు. ఫీజే లక్షా యాభై వేల డాలర్లు దాటడం మామూలు. ఇంట్లోవాళ్లు పొలం అమ్మే మాట ఎత్తకముందే, ఆ అప్పు ఏ జీతంతో ఎన్నేళ్లలో తీరుతుందో లెక్క వేసి వాళ్ల ముందు పెట్టండి.

అమెరికా కోసం రాయాల్సిన, 2020లో మొదలైన ఐఎన్‌బీడీఈ రెండు రోజుల పరీక్ష, 500 ప్రశ్నలు. ఫలితం పాసో ఫెయిలో, అంతే. ర్యాంకులతో పెరిగిన మనకు ఇది ఓ పట్టాన మింగుడు పడదు. పాసైనవాళ్లందరూ ఒకే వరసలో నిలబడతారు. వాళ్లలోంచి ఏరడానికి కాలేజీలు మీ మార్కులు, సిఫార్సు లేఖలు, అనుభవం, ఇంటర్వ్యూ చూస్తాయి. చాలాచోట్ల బెంచ్ టెస్ట్ కూడా పెడతారు.

బొమ్మ తలకు బిగించిన టైపోడాంట్‌లో ప్లాస్టిక్ పళ్లుంటాయి. క్లాస్ టూ కావిటీ, క్రౌన్ ప్రిపరేషన్ లాంటివి ఇచ్చిన టైములో చేయాలి. పక్క పన్నుకు బర్ తగిలి గీత పడితే, కావిటీ ఎంత అందంగా చెక్కినా మార్కులు పోయినట్టే. మన కాలేజీలకు రోగులు ఎక్కువ కాబట్టి పళ్లు తీయడంలో చెయ్యి బాగా తిరుగుతుంది; అందులో మనవాళ్లకు బెంగ అక్కర్లేదు. చిక్కల్లా కూర్చునే తీరుతోనే. పైదవడ పన్నును రోగి మీదికి వంగి నేరుగా చూస్తూ ఎయిరోటర్ పెట్టడం మనలో చాలామందికి అలవాటు. ఇక్కడ వెన్ను నిటారుగా పెట్టి, అద్దంలో చూస్తూ చేయాలి. అద్దంలో బర్ మనం అనుకున్న వైపు కాక ఎదురు దిక్కుకు పోతున్నట్టుంటుంది. అది చేతికి పట్టుబడాలంటే నెలలు పడుతుంది. అందుకే హౌస్ సర్జన్సీలో ఖాళీ దొరికిన మధ్యాహ్నాలన్నీ ఫాంటమ్ హెడ్ దగ్గర గడపమంటాను. దూది చుట్టలతో సరిపెట్టకుండా రబ్బర్ డ్యామ్ అడిగి మరీ వాడండి. అన్నట్టు, నంబర్లూ మారతాయి: మనం 36 అనే పన్ను ఇక్కడ 19. వినడానికి తమాషాగానే ఉంటుంది, తీయాల్సిన పన్ను దగ్గర పొరపడితే కాదు.

ఇక కాగితాలు. ట్రాన్‌స్క్రిప్టులు విజయవాడలోని ఎన్టీఆర్ వర్సిటీ నుంచి కావాలన్నా, వరంగల్‌లోని కాళోజీ వర్సిటీ నుంచి కావాలన్నా, మీరు ఊళ్లో ఉండగానే చూసుకోండి. తర్వాత ఆ తిరుగుడంతా నాన్నగారి మీద పడుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన తెలుగువాళ్ల ప్రత్యేకమైన తలనొప్పి. దాన్నీ ముందే సరిచేయించండి. ఓఆర్ఈకి దరఖాస్తు చేసేవాళ్లు రోగులకు స్వయంగా చికిత్స చేసిన 1,600 గంటలు చూపాలి. కాబట్టి కేసుల పుస్తకంలో తేదీ, చేసిన పని, స్టాఫ్ సంతకం ఏ రోజుకారోజు రాయించుకోవడం మంచిది.

పెళ్లయ్యి హెచ్‌4 వీసా మీద వచ్చే అమ్మాయిలు చాలామంది. ఆ వీసా మీద చదవచ్చు, పని అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. తెలిసిన డాక్టరు క్లినిక్‌లో పక్కన నిలబడి చూడటం వేరు, సక్షన్ పట్టుకోవడం వేరు. జీతం లేదు కదా ఫర్వాలేదనే సలహా ఎవరిచ్చినా లాయర్ని అడగకుండా నమ్మకండి. సీటు కోసం ఎదురుచూసే ఏడాది రెండేళ్లలో ఐఎన్‌బీడీఈ ముగించి, టైపోడాంట్ కొనుక్కుని ఇంట్లో చెయ్యి ఆడనిచ్చినవాళ్లకు బెంచ్ టెస్ట్ నాడు తడబాటుండదు.

పైన చెప్పిన రెండు మూడేళ్ల చదువుకు, అంటే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీట్లకు, క్యాపిడ్ దరఖాస్తులు ఏటా మార్చి ప్రాంతంలో తెరుచుకుంటాయి. సిఫార్సు లేఖ హెచ్‌ఓడీ పేరుతోనే ఉండాలని పాకులాడొద్దు. మీరు చేసిన రూట్ కెనాల్ పక్కన నిలబడి చూసిన రీడర్ రాసిందైతే అందులో మీ పని కనిపిస్తుంది. ఆవిడ వేరే కాలేజీకి మారిపోయేలోపే అడగండి.