పెంపుడు పిల్లులలో తిరగబెట్టే హెర్పిస్ కంటి వ్యాధి: గుర్తింపు, యాజమాన్యం

జగిత్యాల జిల్లా రాయికల్ ప్రాంతంలో వరి, పసుపు, మొక్కజొన్న ముఖ్యమైన పంటలు. గింజలు నిల్వ ఉన్న ఇంటికి ఎలుకలు, ఎలుకలున్న ఇంటికి పిల్లి రావడం సహజం. ఆవుకో గేదెకో జబ్బు చేస్తే రైతు నేరుగా పశువైద్యశాలకు వెళతాడు. పిల్లికి జబ్బు చేసినప్పుడు మాత్రం అంత దూరం ఆలోచించడు. పొలం చూడటానికి వచ్చిన విస్తరణ శాస్త్రవేత్తనే ఇంటివారు అడుగుతారు: “సార్, మా పిల్లికి కన్ను మళ్లీ తిరగబెట్టింది, ఏం చుక్కలు వేయాలి?” ఈ ప్రశ్నలో ‘మళ్లీ’ అన్న మాటే రోగ నిర్ధారణకు తొలి ఆధారం. ఒకసారి తగ్గి, కొన్ని నెలల తరువాత తరచుగా అదే కంటికి, తుమ్ములతో సహా తిరిగి వచ్చే వ్యాధి అయితే ముందుగా పిల్లి హెర్పిస్ వైరస్-1ను అనుమానించాలి. పంటల శాస్త్రం చదివినవారు ఇక్కడ చికిత్స చేయనవసరం లేదు. అయితే ఏ చుక్కలు వేయకూడదో చెప్పగలిగితే ఒక కన్ను నిలుస్తుంది.

వైరస్ స్వభావం

ఈ వైరస్‌ను 1950వ దశకం చివరలో అమెరికాలో తొలిసారి వేరుచేశారు. ఇది మనుషులలో అమ్మవారు (చికెన్‌పాక్స్) కలిగించే వైరస్ ఉన్న ఉపకుటుంబానికే చెందినది. అయినా మనుషులకు సోకదు. మనుషుల పెదవులపై పొక్కులు తెచ్చే హెర్పిస్ వేరు, ఇది వేరు. ఇంట్లో పసిపిల్లలున్నారన్న భయంతో పిల్లిని వదిలివేయవలసిన పని లేదు. అయితే కండ్లకలక కలిగించే క్లమిడియా వంటి ఇతర సూక్ష్మజీవులు అరుదుగా మనుషులకు సోకవచ్చు కనుక పిల్లి కన్ను తుడిచిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

సాధారణంగా పిల్లి కూనగా ఉన్నప్పుడే, తల్లి నుండో తోటి పిల్లుల నుండో ముక్కు, కంటి స్రావాల ద్వారా వైరస్ సోకుతుంది. 2 నుండి 6 రోజులలో తుమ్ములు, జ్వరం, కళ్లు ఎర్రబడి పుసులు కట్టడం, ముక్కు కారడం కనిపిస్తాయి. రెండు మూడు వారాలలో ఇవి తగ్గుతాయి. వ్యాధి తగ్గుతుందే కాని వైరస్ పోదు. ముఖానికి స్పర్శజ్ఞానం అందించే ట్రైజెమినల్ నాడి మొదలు దగ్గర ఉండే నాడీకణాల ముడిలో అది నిద్రాణస్థితిలో ఉండిపోతుంది. సోకిన పిల్లులలో సుమారు 80 శాతం ఇలా జీవితాంతం వాహకాలుగా మిగులుతాయని అంచనా. నాడీకణంలో నిద్రిస్తున్న వైరస్‌ను ఏ మందూ అక్కడ చంపలేదు. కనుక ‘పూర్తిగా నయం చేసే మందు’ కోసం వెతకడం వృథా. ఎంత అరుదుగా తిరగబెడుతోంది, తిరగబెట్టినప్పుడు కార్నియా ఎంత తక్కువగా దెబ్బతింటోంది అన్నవే యాజమాన్యానికి కొలమానాలు.

నిన్నటి కారణం కాదు, గతవారపు కారణం

పిల్లి శరీరంపై ఒత్తిడి పడినప్పుడు నిద్రాణ వైరస్ మేల్కొని, నాడి వెంబడి కంటికి, ముక్కుకు తిరిగి వస్తుంది. ప్రయోగాలలో స్టెరాయిడ్ మందు ఇచ్చిన వాహక పిల్లులలో సుమారు 70 శాతం, పాలిచ్చే తల్లి పిల్లులలో సుమారు 40 శాతం, కొత్త చోటికి మార్చినవాటిలో సుమారు 18 శాతం తిరిగి వైరస్‌ను విసర్జించాయి. అంటే ఇల్లు మారడం కన్నా, దురద తగ్గడానికి వేయించిన ఒక స్టెరాయిడ్ ఇంజెక్షనే ఎక్కువ ప్రమాదకరం.

గాస్కెల్, పోవీలు 1977లో ప్రచురించిన ప్రయోగాలు మరో విషయాన్ని తెలిపాయి. ఒత్తిడి కలిగిన వెంటనే వైరస్ బయటపడదు. 4 నుండి 11 రోజులు, సగటున ఒక వారం ఆలస్యమవుతుంది. ఆ తరువాత ఒకటి నుండి 13 రోజుల వరకు విసర్జన సాగుతుంది. ఇంటివారు పొరబడేది సరిగ్గా ఈ ఆలస్యం వల్లనే. కన్ను ఎర్రబడిన రోజున, నిన్న ఏం తిన్నదో, రాత్రి చలిలో ఎక్కడ పడుకున్నదో ఆలోచిస్తారు. చూడవలసినది గతవారాన్ని.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. రాయికల్ సమీపంలో ఒక పసుపు రైతు ఇంట మూడేళ్ల పిల్లికి మార్చి 20న ఎడమ కన్ను మూతపడి నీరు కారుతున్నది. మార్చి 19న దానికి కొత్తరకం మేత పెట్టారు కనుక ఇంటివారి అనుమానం మేతపైకి పోతుంది. క్యాలెండర్‌లో వెనక్కి లెక్కిస్తే అసలు చూడవలసినవి మార్చి 9 నుండి 16 వరకు ఉన్న రోజులు. ఆ రోజులలో పెరట్లో పసుపు ఉడికించారు. పొయ్యి పొగ, కూలీల రాకపోకలు, పిల్లి పడుకునే కొట్టం ఖాళీ చేయడం అన్నీ ఒక్కసారిగా జరిగాయి. నిరుడు కూడా పసుపు ఉడికించిన తరువాతి వారమే కన్ను తిరగబెట్టి ఉంటే కారణం దొరికినట్లే. వచ్చే ఏడాది ఆ పది రోజులు పిల్లిని పొగ తగలని గదిలో, దానికి అలవాటైన గోనెపట్టాతో సహా ఉంచవచ్చు.

ఇందుకు ప్రత్యేకమైన పుస్తకం అక్కరలేదు. గోడ క్యాలెండర్ చాలు. కన్ను బాగాలేని రోజున ఒక గుర్తు, ఇంట్లో మార్పు జరిగిన రోజున మరో గుర్తు పెట్టాలి. మూడు నాలుగు సార్లు తిరగబెట్టేసరికి ఆ పిల్లికి పడని విషయం బయటపడుతుంది. ఈ ప్రాంతంలో పరిశీలించదగిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: మే నెల తీవ్రమైన ఎండలు, దీపావళి టపాకాయలు, పెళ్లి సందడి, ఇంటికి కొత్త పిల్లి రావడం, ఈత, మరో వ్యాధికి చేసిన శస్త్రచికిత్స. గల్ఫ్‌లో పనిచేసే ఇంటి యజమాని సెలవుపై రావడం, తిరిగి వెళ్లడం కూడా ఇందులో చేరతాయి. రోజూ అన్నం పెట్టే చెయ్యి మారడం పిల్లికి చిన్న విషయం కాదు.

కంట్లో ఏమి చూడాలి

తుమ్మే ప్రతి పిల్లికీ హెర్పిస్ ఉండదు. సిరిసిల్ల మరమగ్గాల ఇళ్లలో నూలు ధూళి, వడ్ల కల్లాల వద్ద దుమ్ము కూడా తుమ్ములు తెప్పించగలవు. నాలుకపై, నోట్లో పుండ్లుంటే కాలిసివైరస్‌ను ముందుగా అనుమానించాలి. కంటిపొర బాగా ఉబ్బి, తుమ్ములు తక్కువగా ఉంటే క్లమిడియా కావచ్చు. హెర్పిస్ ప్రత్యేకత ఏమిటంటే అది కార్నియాను, అంటే నల్లగుడ్డుపై అద్దంలా ఉండే పొరను పుండు చేస్తుంది. కన్ను సగం మూసి ఉంచడం, వెలుగు చూడలేకపోవడం, ముందుకాలితో రుద్దుకోవడం పుండుకు సూచనలు. పశువైద్యుడు ఫ్లోరెసిన్ రంగు కాగితాన్ని కంటికి తాకించి నీలికాంతిలో చూసినప్పుడు చెట్టుకొమ్మల వలె చీలిన సన్నని గీతలు పచ్చగా మెరిస్తే అది ఈ వైరస్ పనే. ఆ గీతలు ప్రతి పిల్లిలోనూ కనిపించవు. కనిపిస్తే మాత్రం సందేహం ఉండదు.

పీసీఆర్ పరీక్ష గురించి విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న వాహక పిల్లిలోనూ, ఇటీవల జీవ టీకా పొందిన పిల్లిలోనూ అది పాజిటివ్ రావచ్చు. వ్యాధి ఉన్న పిల్లిలోనూ నెగటివ్ రావచ్చు. కాబట్టి కాగితంపై ఫలితం కన్నా వ్యాధి చరిత్ర, కంటి పరీక్షలకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

మేలుకన్నా కీడు చేసే మందులు

మందుల దుకాణంలో ‘కన్ను ఎర్రబడింది’ అని అడిగితే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతికి వచ్చే అవకాశం ఉంది. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏది సీసాపై ఉన్నా హెర్పిస్ అనుమానం ఉన్న పిల్లి కంట్లో వేయరాదు. మొదటి రెండు రోజులు ఎరుపు తగ్గి కన్ను బాగుపడినట్లే కనిపిస్తుంది. ఇంటివారికి నమ్మకం కుదిరేది అందుకే. లోపల స్థానిక రోగనిరోధకత అణగిపోయి, వైరస్ స్వేచ్ఛగా పెరిగి, పుండు లోతుకు దిగుతుంది. కార్నియా చిల్లుపడితే కన్ను దక్కడం కష్టం.

మనుషులకు వాడే అసైక్లోవిర్ మాత్రలు పిల్లి వైరస్‌పై అంతగా పనిచేయవు, పైగా ఎముక మజ్జను దెబ్బతీస్తాయి. వాలసైక్లోవిర్ మరీ ప్రమాదకరం. 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అది పిల్లుల కాలేయాన్ని, మూత్రపిండాలను తీవ్రంగా దెబ్బతీసింది. జ్వరం ఉందని పారాసిటమాల్ ఇవ్వడం కూడా ప్రాణాంతకమే. పిల్లి కాలేయం ఆ మందును విడగొట్టలేదు, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని కోల్పోతుంది. ఇదే లోపం కారణంగా పిల్లి తిరిగే నేలను ఫినాయిల్‌తో తుడవరాదు. తడికాళ్లను నాకినప్పుడు విషం లోపలికి పోతుంది. ఈ వైరస్ శరీరం బయట తడిలో సుమారు 18 గంటలకు మించి బతకదు. పల్చటి బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, నీటితో కడిగి ఆరబెడితే చాలు. పసుపు పండే నేల కనుక ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది: పసుపు నీళ్లు కంట్లో పోయరాదు.

లైసిన్ సంగతి వేరు. అది అంత హాని చేయకపోయినా ఉపయోగమూ చూపలేదు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగ్గించి వైరస్‌ను ఆకలికి గురిచేస్తుందన్న ఊహతో దానిని ఏళ్ల తరబడి వాడారు. బోల్, బునిక్‌లు 2015లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నింటినీ సమీక్షించి దాని వాడకం మానాలని సూచించారు. లైసిన్ కలిపిన మేత తిన్న ఆశ్రయశాల పిల్లులలో కొన్నిచోట్ల వ్యాధి ఎక్కువైన దాఖలాలూ ఉన్నాయి. ఆ ఖర్చును టీకాకు మళ్లించడం మంచిది.

పనిచేసే చికిత్స

పశువైద్యుని పర్యవేక్షణలో నోటి ద్వారా ఇచ్చే ఫామ్‌సైక్లోవిర్ నేడు ప్రధానమైన మందు. కిలో బరువుకు 90 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వడం పరిశోధనలు సమర్థించిన మోతాదు. 4 కిలోల పిల్లికి పూటకు 360 మిల్లీగ్రాములు అవుతుంది. 500 మిల్లీగ్రాముల మాత్రలో ముప్పావు భాగం దాదాపు సరిపోతుంది. మనుషుల మోతాదుతో పోల్చి ఇది ఎక్కువని భయపడి తగ్గించడం జరుగుతూ ఉంటుంది. పిల్లి కాలేయం ఈ మందును క్రియాశీల రూపంలోకి మార్చడంలో నెమ్మది కనుకనే ఇంత కావాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్న పిల్లికి మాత్రం మోతాదు తగ్గించాలి. కంటి పరిస్థితి కుదుటపడిన తరువాత కూడా కొన్ని రోజులు కొనసాగించాలి.

కంట్లో వేసేవాటిలో గాన్సైక్లోవిర్ జెల్, సిడోఫోవిర్, ట్రైఫ్లూరిడిన్ పనిచేస్తాయి. వీటిలో కొన్నింటిని రోజుకు ఐదారుసార్లు వేయాలి. పిల్లిని రోజుకు ఆరుసార్లు దుప్పటిలో చుట్టి, తల పట్టుకొని కంట్లో మందు వేయడం కూడా ఒత్తిడే. ఒత్తిడి వల్ల తిరగబెట్టే వ్యాధికి ఒత్తిడితోనే చికిత్స చేయడం ఎంతవరకు తగునో ఇంటి పరిస్థితిని బట్టి నిర్ణయించాలి. పెనుగులాడే పిల్లికి రెండుపూటలా మాత్రే మేలు.

బాక్టీరియా తోడై చీమిడి పచ్చగా మారితే డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఈ మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండుపడి కుంచించుకుపోతుంది. కాబట్టి మాత్ర వెంట సిరంజితో కొద్దిగా నీరు పట్టడం తప్పనిసరి. ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియని పిల్లి తినదు. ఉడికించిన చేపనో కోడి మాంసాన్నో ఉప్పు, ఉల్లి, కారం లేకుండా గోరువెచ్చగా పెట్టాలి. రెండు రోజులకు మించి ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకొనే ప్రమాదం ఉంది కనుక ఆసుపత్రికి తీసుకుపోవాలి. పుసులను గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో, కంటికొక కొత్త ముక్కతో తుడవాలి.

కన్ను పూర్తిగా మూసుకున్నా, నల్లగుడ్డుపై తెల్లమచ్చ గాని గోధుమరంగు మచ్చ గాని కనిపించినా అదేరోజు పశువైద్యునికి చూపాలి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉండటం రాయికల్, జగిత్యాల వాసులకు అనుకూలం. ఏడాదిలో పలుమార్లు తిరగబెట్టే పిల్లికి రోగనిరోధకతను తగ్గించే ఇతర వైరస్‌లు ఉన్నాయేమో కూడా పరీక్షించాలి.

టీకా, కూనలు

టీకా వ్యాధి తీవ్రతను తగ్గిస్తుంది. వైరస్ సోకడాన్ని గాని నాడిలో దాగడాన్ని గాని పూర్తిగా ఆపదు. ‘టీకా వేయించినా వచ్చింది’ అన్న ఫిర్యాదుకు సమాధానం ఇదే. కూనలకు 6 నుండి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3–4 వారాల కొకసారి 16 వారాలు నిండేవరకు టీకా వేయించాలి. ఏడాది లోపల ఒక బూస్టర్ ఇవ్వాలి. వాహక తల్లి ఈనిన తరువాత పాలిచ్చే దశలో వైరస్‌ను విసర్జిస్తుంది. తల్లి నుండి వచ్చిన రక్షణ తగ్గుతున్న కూనలకు సరిగ్గా అప్పుడే అది సోకుతుంది. కూనల కళ్లు తెరుచుకోకముందే రెప్పల కింద చీము చేరి ఉబ్బవచ్చు. దానిని పశువైద్యుని చేత వెంటనే తెరిపించకపోతే కంటిపొర కార్నియాకు అతుక్కుపోయి చూపు శాశ్వతంగా తగ్గుతుంది. తిరగబెట్టే కంటి వ్యాధి ఉన్న తల్లి ఈనితే మొదటి రెండు వారాలు ప్రతి కూన రెప్పలనూ రోజూ చూడాలని, ఏ ఒక్క రెప్ప ఉబ్బినా మరునాటికి ఆగవద్దని ఇంటివారికి ముందే చెప్పి ఉంచాలి.