సేద్యపు కూలి పద్దులు – చిట్టాలో వ్రాయు విధానము

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతములలో కర్మాగారములు పెరిగినకొలది సంగారెడ్డి చుట్టుపట్ల సేద్యమునకు మనుషులు దొరకుట కష్టమైనది. కర్మాగారపు జీతమునకు కాగితముపై లెక్క ఉండును. పొలములో పనిచేసినవారి లెక్క మాత్రము తరచు రైతు జ్ఞాపకములోనే ఉండును. ఇందువలన తగాదాలు వచ్చుటయే గాక, పంటకు నిజముగా ఎంత ఖర్చయినదో రైతునకే తెలియకుండ పోవును.

మూల సూత్రము

ప్రతి వ్యవహారమునకు రెండు వైపులుండును. లూకా పాచియోలీ అను ఇటలీ దేశీయుడు 1494లో వెనిస్ నగరమున అచ్చయిన తన గ్రంథములో వివరించిన జంటపద్దు విధానమే నేటికిని వాడుకలో నున్నది. కూలి ఖర్చు గనుక డెబిట్ చేయవలెను. చేతినుండి పోయిన నగదును క్రెడిట్ చేయవలెను. రెండు మొత్తములు సమానముగా ఉండవలెను. ఏ రోజు పద్దు ఆ రోజే చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాలోని ఖాతాలకు ఎత్తవలెను. ఈ క్రింది అంకెలు ఉదాహరణకు మాత్రమే.

1. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు

నెల జీతగానికి మొదట రూ. 6,000 ఇచ్చితిరనుకొనుడు. పని ఇంకను జరుగలేదు గనుక ఇది కూలి ఖర్చు కాదు, రావలసిన బాకీ.

అడ్వాన్సు ఖాతా డెబిట్ – రూ. 6,000
నగదు ఖాతాకు – రూ. 6,000

2. నెలాఖరు జీతము

జీతము రూ. 12,000, అడ్వాన్సు క్రింద విరిచినది రూ. 1,500.

వేతనముల ఖాతా డెబిట్ – రూ. 12,000
అడ్వాన్సు ఖాతాకు – రూ. 1,500
నగదు ఖాతాకు – రూ. 10,500

చేతికిచ్చిన రూ. 10,500 మాత్రమే ఖర్చుగా వ్రాయుట పలువురు చేయు పొరపాటు. అట్లు వ్రాసిన పంట ఖర్చు తక్కువగా కనబడి, లేని లాభము ఉన్నట్లు తోచును. ఫోను ద్వారా చెల్లించినచో నగదు ఖాతాకు బదులు బ్యాంకు ఖాతాను క్రెడిట్ చేయవలెను.

3. పని జరిగి, కూలి ఇయ్యనిది

మార్చి 31కి ముందు 8 మంది మూడు దినములు టమాట కలుపు తీసిరి. దినమునకు రూ. 400 చొప్పున రూ. 9,600 ఏప్రిల్‌లో ఇయ్యవలసియున్నది. అయినను అది మార్చి ఖర్చే.

కూలి ఖాతా డెబిట్ – రూ. 9,600
చెల్లించవలసిన కూలి ఖాతాకు – రూ. 9,600

ఇచ్చిననాడు చెల్లించవలసిన కూలి ఖాతాను డెబిట్, నగదు ఖాతాను క్రెడిట్ చేయవలెను. మరల కూలి ఖాతాకు వ్రాసిన, ఒకే ఖర్చు రెండుమార్లు పడును.

4. ధాన్యరూపపు కూలి

ఇచ్చిన ధాన్యమునకు ఆనాటి బజారు ధర కట్టి, కూలి ఖాతాను డెబిట్, ధాన్యము ఖాతాను క్రెడిట్ చేయవలెను.

అడ్వాన్సు విషయములో హెచ్చరిక

అడ్వాన్సు నిల్వ నెలనెల తగ్గుచు రావలెను. పై లెక్కలో అది నాలుగు నెలలలో తీరిపోవును. ఏండ్ల తరబడి తరుగని అడ్వాన్సు మనిషిని కట్టివేయు త్రాడగును. బాకీ తీరువరకు పని మానరాదని నిర్బంధించుట వెట్టిచాకిరి. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము, 1976 ప్రకారము అట్టి బాకీ చెల్లదు, నిర్బంధించినవారు శిక్షార్హులు. కావున పనివానియొద్ద కూడ ఒక చిన్న పుస్తకముంచి, ప్రతి చెల్లింపును అందులో వ్రాసి, చదివి వినిపించి, ఇరువురును సంతకము లేక వేలిముద్ర వేయవలెను. స్త్రీల కూలిని వారి పేరననే వ్రాసి, వారి చేతికే ఇయ్యవలెను.

అభ్యాసము

నలుగురు రెండు దినములు పనిచేసిరి. దినకూలి రూ. 700. వారిలో ఒకరు ముందుగా రూ. 500 తీసికొనియుండిరి. పద్దు వ్రాయుడు.

జవాబు: కూలి ఖాతా డెబిట్ రూ. 5,600, అడ్వాన్సు ఖాతాకు రూ. 500; నగదు ఖాతాకు రూ. 5,100.

ప్రతి పద్దు క్రింద పంట పేరు, పని పేరు వ్రాసినచో, కోతల తరువాత ఏ పంటకు ఎంత కూలి పడినదో తెలియును. వచ్చు ఏడు ఏ పంట వేయవలెనో, కూలి ఎంతవరకు పెంచి ఇయ్యగలరో నిర్ణయించుటకు అదియే ఆధారము.